గడియారాలను తీసివేయకండి: పర్లాకిమిడి నుంచి దుబాయ్ దాకా దూరం, సమయం

అమ్మా, పర్లాకిమిడి నుంచి విశాఖ, హైదరాబాద్‌ల మీదుగా దుబాయ్ వెళ్లే మీ తమ్ముడి టికెట్టులో తప్పేమీ లేదు. హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు బయలుదేరి మధ్యాహ్నం 12.25కి దుబాయ్‌లో దిగడం నిజమే. తిరుగు టికెట్టులో రాత్రి 10 గంటలకు అక్కడ ఎక్కి తెల్లవారుజామున 3 గంటలకు హైదరాబాద్‌లో దిగడమూ నిజమే. ‘పోయేటప్పుడు రెండున్నర గంటలు కూడా లేదు, వచ్చేటప్పుడు అయిదు గంటలా, దూరం ఒకటే కదా, ఏజెంటు మోసం చేశాడా’ అని అడిగారు. ఏజెంటు మోసం చేయలేదు. మీరు ఒక గడియారంలోంచి ఇంకో గడియారాన్ని తీసివేశారు, అంతే. అసలు ప్రయాణం పోయేటప్పుడు 3 గంటల 55 నిమిషాలు, వచ్చేటప్పుడు 3 గంటల 30 నిమిషాలు. టికెట్టును జాగ్రత్తగా చూస్తే ఈ అంకెలు ఏదో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటాయి.

బ్రహ్మపురంలో పాత బస్టాండు దగ్గర ఇరవై ఆరేళ్లు టికెట్ల దుకాణం నడిపాను. గంజాం, గజపతి జిల్లాల వాళ్లు, ఇటు ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట వాళ్లు గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు నా దగ్గరికి వచ్చేవారు. ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా వినేవాడిని. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. మీరు అడగనివి కూడా రెండు మూడు ఉంటాయి, ఓపికగా చదవండి.

ముందు గడియారం సంగతి. మన దేశమంతటికీ ఒకటే సమయం. దాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. ఆ గీత ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ మీదుగా పోతుందని బడిలో చదివే ఉంటారు. అదే గీత వెంబడి దక్షిణానికి వస్తే మన కొరాపుట్ జిల్లాలో జయపురం పక్క నుంచే పోతుంది. ఈ మాట మా దుకాణంలో చెబితే చాలామంది నమ్మేవారు కాదు, పటం తీసి చూపించాల్సి వచ్చేది. దుబాయ్ వాళ్ల సమయానికి ఆధారం 60 డిగ్రీల రేఖాంశం. మధ్యలో తేడా 22.5 డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. 22.5ను 4తో గుణిస్తే 90 నిమిషాలు. అంటే మనకు మధ్యాహ్నం 1.55 అయినప్పుడు వాళ్లకు 12.25. ఇప్పుడు లెక్క వేయండి. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1.55 దాకా, రెండూ మన గడియారంలోనే, 3 గంటల 55 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో దుబాయ్ రాత్రి 10 అంటే మనకు 11.30. అక్కడి నుంచి 3 గంటల దాకా మూడున్నర గంటలు. ఎప్పుడైనా రెండు సమయాలనూ ముందు ఒకే ఊరి గడియారంలోకి మార్చుకుని, ఆ తరువాతే తీసివేయండి.

అమెరికాలోలాగా అక్కడ వేసవికి గడియారం ముందుకు జరపరు. కాబట్టి ఏడాది పొడుగునా తేడా గంటన్నరే. ఒమన్‌కూ ఇదే. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్‌లకు మాత్రం రెండున్నర గంటలు.

ఇక దూరం. మీకు ఒక చోట 2,550, మరో చోట 1,585, ఇంకో చోట 1,375 అని కనబడిందనీ, ఏది నమ్మాలో తెలియలేదనీ రాశారు. మూడూ ఒకటే దూరం, కొలతలే వేరు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశంలో సుమారు 2,550 కిలోమీటర్లు. దాన్నే మామూలు మైళ్లలో చెబితే 1,585, నాటికల్ మైళ్లలో చెబితే 1,375. పైలట్లు వాడేది ఈ చివరిది. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఓడల వాళ్ల నుంచి విమానాల వాళ్లకు వచ్చిన కొలత అది.

ఒకటే దూరమైతే పోయేటప్పుడు 25 నిమిషాలు ఎందుకు ఎక్కువ అని మీరు అడగలేదు కానీ, మీ తమ్ముడు తప్పకుండా అడుగుతాడు. గాలి వల్ల. వంశధారలో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు నాటుపడవ మీద ప్రవాహానికి ఎదురు వెళ్లడం, వాలున రావడం చూసే ఉంటారు కదా. ఆకాశంలో ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున కూడా అలాంటి ప్రవాహమే ఉంటుంది. మన వైపు ఏడాదిలో ఎక్కువ నెలలు అది పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. విమానం గాలిలో గంటకు 830 కిలోమీటర్లు పోతోందనుకోండి. ఎదురుగాలి 60 కిలోమీటర్లు ఉంటే నేల మీద లెక్కకు దాని వేగం 770. అదే గాలి వెనక నుంచి తోస్తే 890. 2,550ని ఈ రెండు అంకెలతో విడివిడిగా భాగించి చూడండి, తేడా ఇంచుమించు 27 నిమిషాలు వస్తుంది. చలికాలంలో ఆ గాలి బలంగా ఉంటుంది, ముఖ్యంగా ఉత్తర భారతం మీద. ఆషాఢ శ్రావణాల్లో కథ మారుతుంది. పడమటి గాలి హిమాలయాల అవతలికి జరిగిపోతుంది. దక్షిణాదిన బాగా ఎత్తున తూర్పు నుంచి వీచే గాలి మొదలవుతుంది. అందుకే వర్షాకాలంలో హైదరాబాద్, దుబాయ్‌ల మధ్య రాకపోకల తేడా తగ్గుతుంది. టికెట్టు మీద అచ్చయ్యే సమయం మాత్రం ఆ రుతువుకు సగటు చూసి వేసేది. కాబట్టి విమానం పది నిమిషాలు ముందు దిగినా ఆశ్చర్యపోవద్దు.

ఇప్పుడు విశాఖ నుంచి హైదరాబాద్ సంగతి. ‘510 కిలోమీటర్లే అంటున్నారు, గంటకు 800 పైన పోయే విమానానికి నలభై నిమిషాలు చాలు, టికెట్టులో గంటా పావు ఎందుకు వేశారు’ అన్నారు. లెక్క బాగానే వేశారు. కానీ విమానం బస్టాండులోంచి బయటపడగానే టాప్ గేరు వేసుకునే బస్సు కాదు. టికెట్టులోని సమయం తలుపులు మూసి విమానం తన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అక్కడ తన చోట ఆగేదాకా. కదిలాక రన్‌వే దాకా పోయి వంతు కోసం ఆగడానికి పది నిమిషాలు. పైకి ఎక్కడానికి ఇరవై నిమిషాలు. ఆ ఎక్కడంలోనే 200 కిలోమీటర్లు అయిపోతాయి. దిగడం కూడా అలాంటిదే, ఊరికి ఇంకా 200 కిలోమీటర్లు ఉండగానే మొదలుపెట్టాలి. పదివేల అడుగుల కిందికి వచ్చాక వేగానికి పరిమితి ఉంది, 250 నాట్లు, అంటే గంటకు 250 నాటికల్ మైళ్లు, మన లెక్కలో 463 కిలోమీటర్లు. ఎక్కడం 200, దిగడం 200 పోతే మిగిలింది 110. అంటే విశాఖ, హైదరాబాద్‌ల మధ్య విమానం పూర్తి వేగంతో పోయేది పది నిమిషాలకు మించదు! ఆ పది నిమిషాల్లోనే కాఫీ అమ్మే బండి ముందు వరస నుంచి చివరి వరసకు పోవాలి. ఆ అమ్మాయిల పరుగు చూస్తే జాలేస్తుంది.

అదే దారికి ఒక్కోసారి గంటా ముప్పావు దగ్గరి సమయం కనబడుతుంది. అది జెట్ కాదు, రెక్కల మీద పంకాలు తిరిగే ఎటిఆర్ విమానం. దాని వేగం గంటకు 500 చిల్లర. భయపడాల్సిన పనేమీ లేదు, తక్కువ ఎత్తున పోతుంది కాబట్టి పగలైతే కిటికీలోంచి నేల బాగా కనిపిస్తుంది కూడా. కాస్త చప్పుడు ఎక్కువ.

రైలు దూరంతో పోల్చి అయోమయపడకండి. విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు రైలు దారి సుమారు 700 కిలోమీటర్లు. పట్టాలు తీరం వెంబడి విజయవాడ దాకా దిగి అక్కడి నుంచి తిరుగుతాయి మరి. 2023 జనవరిలో మొదలైన వందే భారత్‌కే ఆ దూరానికి ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. ఆకాశంలో ఆ మలుపు లేదు. అలాగని విమానం గీసిన గీతలా పోతుందనీ అనుకోవద్దు. దానికీ నిర్ణయించిన దారులున్నాయి, మూసేసే దారులూ ఉన్నాయి. 2019లో ఫిబ్రవరి చివరి నుంచి జూలై మధ్య దాకా పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమరకు పోయే విమానాలు గుజరాత్ వైపు దిగి చుట్టు తిరగాల్సి వచ్చింది. రెండు ఊళ్ల మధ్య దూరం ఒక్క అంగుళం మారలేదు, ప్రయాణం మాత్రం పెరిగింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ దారికి ఆ బాధ లేదు. ఆ దారి మహారాష్ట్ర మీదుగా వెళ్లి అరేబియా సముద్రం దాటుతుంది.

ఇంతవరకు చెప్పినది మీ చేతిలో లేని విషయం. నేను మా దుకాణానికి వచ్చిన వాళ్లతో గట్టిగా చెప్పింది వేరే ఉంది. దూరాన్ని విమానాశ్రయం నుంచి కాదు, మీ వాకిలి నుంచి కొలవండి. మన జిల్లాల వాళ్లకు ప్రయాణంలో పెద్ద భాగం నేల మీదే గడుస్తుంది.

మేము ఒడిశా వాళ్లం కదా, భువనేశ్వర్ నుంచి వెళ్లాలా అని అడిగారు. వద్దు. రాష్ట్రం రేషను కార్డుకు ముఖ్యం, విమానానికి కాదు. పర్లాకిమిడి నుంచి విశాఖ సుమారు 175 కిలోమీటర్లు. పాతపట్నం దాటి జాతీయ రహదారి ఎక్కితే ఇక తిన్నటి దారి. భువనేశ్వర్‌కు బ్రహ్మపురం మీదుగా వెళ్లాలి, 290 దాకా అవుతుంది. పైగా అక్కడి నుంచి హైదరాబాద్ ఆకాశంలో సుమారు 850 కిలోమీటర్లు, విశాఖ నుంచి 510. రెండు విధాలా నష్టమే. మా బ్రహ్మపురం వాళ్ల లెక్క వేరు. మాకు రైలులో భువనేశ్వర్ 166, విశాఖ 277. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలకు సాధారణంగా విశాఖే దగ్గర.

ఇప్పుడు మీ తమ్ముడి ప్రయాణాన్ని వెనక నుంచి ముందుకు లెక్కిద్దాం. హైదరాబాద్‌లో విమానం ఉదయం 10కి. విదేశీ ప్రయాణమైతే మూడు గంటల ముందు అక్కడ ఉండాలి, అంటే 7 గంటలకు. కౌంటరు సాధారణంగా గంట, గంటంబావు ముందే మూసేస్తారు. ఇమ్మిగ్రేషన్ వరస ఎంత పొడుగుంటుందో ఎవరూ చెప్పలేరు. మొదటిసారి గల్ఫ్‌కు పనికి వెళ్లేవాడిని అక్కడ నాలుగు ప్రశ్నలు ఎక్కువే అడుగుతారు. 7 గంటలకు శంషాబాద్‌లో ఉండాలంటే అదే రోజు విశాఖలో మొదటి విమానం ఎక్కితే కుదరదు, లేదా ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. కాబట్టి ముందు రోజు సాయంత్రమే బయలుదేరాలి. రాత్రి 8 గంటల విమానం అనుకుంటే 6 గంటలకు విశాఖ విమానాశ్రయంలో ఉండాలి. ఇంటి దగ్గర కారు ఎక్కేది మధ్యాహ్నం 12కి.

175 కిలోమీటర్లకు ఆరు గంటలా అంటారేమో. మామూలుగా నాలుగు, నాలుగున్నర చాలు. కానీ ఇప్పటి విశాఖ విమానాశ్రయం మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఊరి అవతలి కొసన ఉంది. ఆనందపురం దాకా హాయిగా వచ్చిన కారు మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం దాటి ఎన్‌ఏడీ కూడలి చేరేసరికి చెమటలు పడతాయి, అదీ సాయంత్రం వేళ. భోగాపురం దగ్గర కట్టిన కొత్త విమానాశ్రయం శ్రీకాకుళానికీ విశాఖకూ మధ్య, మన దారిలోనే, నగరానికి ఇవతల ఉంది. విమానాలు అక్కడి నుంచి నడిస్తే మనకు ఈ ఊరు దాటే బాధ మొత్తం తప్పుతుంది. అందుకే టికెట్టులో ‘విశాఖపట్నం’ అని చూసి ఊరుకోకండి, పక్కన ఏ విమానాశ్రయమో చదవండి. రైలు మీద మాత్రం ఆధారపడవద్దు. గుణుపురం నుంచి వచ్చే ప్యాసింజరు మీ గుమ్మం ముందు నుంచే పోతుంది, నౌపడా దాకా ఆ దారిలో ప్రయాణం బాగుంటుంది, 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు దారి అది. తరువాత పెద్ద పట్టాలు వచ్చాయి. ఆ బండి అందంగానే ఉంటుంది కానీ, ఎవరి విమానం కోసమూ పరిగెత్తదు.

మొత్తం కూడండి. ఇంటి దగ్గర మధ్యాహ్నం 12కి బయలుదేరి, మరునాడు మన గడియారంలో మధ్యాహ్నం 1.55కి దుబాయ్‌లో నేల మీద. దాదాపు 26 గంటలు. అందులో నిజంగా గాలిలో ఉన్నది నాలుగున్నర గంటలు. మిగిలినదంతా కారు, కుర్చీ, వరస, మళ్లీ కుర్చీ.

ఆ రాత్రికి గది తీసుకోవాలా? ఇరవై అయిదేళ్ల కుర్రాడికి అక్కర్లేదు. హైదరాబాద్‌లో దేశీయ, విదేశీ విమానాలు రెండూ ఒకే భవనం నుంచి నడుస్తాయి, వేరే చోటికి బండి కట్టించుకుని పోనవసరం లేదు. చార్జరు, దుప్పటి చేతి సంచిలో పెట్టండి చాలు.

టికెట్టు గురించి ఒక ముఖ్యమైన మాట. విశాఖ నుంచి హైదరాబాద్, హైదరాబాద్ నుంచి దుబాయ్ రెండూ ఒకే పీఎన్ఆర్ (బుకింగు నంబరు) మీద ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా? ఇది మీరు రాయలేదు. ఒకే పీఎన్ఆర్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా ఇంకో విమానంలో పంపే బాధ్యత వాళ్లది. సామాను కూడా చాలా వరకు విశాఖలో ఇస్తే దుబాయ్‌లో తీసుకోవచ్చు. విడివిడి టికెట్లయితే మొదటి విమానం మూడు గంటలు ఆలస్యమైనా రెండో సంస్థకు సంబంధం లేదు, డబ్బు పోయినట్లే. ఇంకో చిక్కు ఉంది. విదేశీ టికెట్టుకు ముప్పై కిలోలు ఇచ్చారని ముప్పై కిలోలు సర్దుతారు. విశాఖలో దేశీయ టికెట్టుకు మామూలుగా 15 కిలోలే. మిగతా పదిహేనుకు అక్కడికక్కడే డబ్బు కట్టమంటారు. కౌంటరు ముందు నేల మీద పెట్టె తెరిచి, ఆవకాయ జాడీ తీయాలా, బియ్యం తీయాలా అని తల్లీ కొడుకులు గొడవపడటం నేను నా కళ్లతో చూశాను. జాడీ గెలిచింది. దాన్ని మూడు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి పెట్టెలోనే పెట్టండి, చేతి సంచిలో నూనె ఊరగాయ పోనివ్వరు. ఎండుకొబ్బరి వద్దు, తొందరగా అంటుకుంటుందని విమానంలో నిషేధం. గసగసాలు అసలే వద్దు, మసాలా పొడిలో కలిపినవి కూడా. మనకు అది వంట సరుకు, దుబాయ్‌లో మాదకద్రవ్యం కింద లెక్క. జైలు పాలైన వాళ్లున్నారు.

ఇక చివరగా, నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెబుతాను. 2001లో ఇచ్ఛాపురం నుంచి ఒకాయనకు టికెట్టు తీశాను. అప్పట్లో హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. విమానం 15వ తేదీ, సమయం 00.35. కవరు మీద నా చేత్తో ‘15, రాత్రి 12.35’ అని రాసిచ్చాను. ఆయన 15వ తేదీ రాత్రి భోజనం చేసి, భార్య, బావమరిది, ఇద్దరు పిల్లలు తోడు రాగా విమానాశ్రయానికి వెళ్లాడు. విమానం ముందు రాత్రే వెళ్లిపోయింది. బూత్ నుంచి ఫోను చేసి ఆయన అరవలేదు, ‘మీరే రాశారు కదండీ’ అని మాత్రం అన్నాడు. కొత్త టికెట్టులో సగం నేను కట్టుకున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. మన పద్ధతిలో తెల్లవారితే గాని రోజు మారదు. అర్ధరాత్రి దాటిన జాగారాన్ని కూడా ముందు రోజు లెక్కలోనే వేస్తాం. విమానాల వాళ్లకు 14వ తేదీ రాత్రి 11.59 తరువాతి నిమిషమే 15. ఆ తరువాత నుంచి అర్ధరాత్రి దాటిన ప్రతి టికెట్టు కవరు మీదా ‘14 రాత్రి భోజనం కాగానే’ అని రాయడం మొదలుపెట్టాను. ఒక్కరూ తప్పిపోలేదు.

మీ తమ్ముడి తిరుగు ప్రయాణం కూడా అలాంటిదే. ఎక్కేది ఒక తేదీ, దిగేది మరుసటి తేదీ. తీసుకురావడానికి విశాఖ దాకా కారు పంపేటప్పుడు ఇది చూసుకోండి. తెల్లవారి 3కి శంషాబాద్‌లో దిగితే ఇమ్మిగ్రేషన్, సామాను అయ్యేసరికి నాలుగున్నర. విశాఖకు ఉదయం 7 తరువాతి విమానం ఏదైనా పెట్టుకోవచ్చు.

పోయే రోజున ఆయన 12.25కి దిగితే మీకు 1.55. విమానంలోంచి బయటికి వచ్చి, వరస దాటి, పెట్టె తీసుకుని, అక్కడి సిమ్మో వైఫైయో దొరికేసరికి ఇంకో గంటన్నర పడుతుంది. మూడున్నర దాకా ఫోను రాకపోయినా మీ అమ్మగారిని కంగారు పెట్టకండి.